హిజ్కియా రాజూ మా చెక్కగోడా

మా అయ్య హిజ్కియా రాజు గురించి మాట్లాడుతుంటే, తెలియనివాళ్ళు ఎవరో దగ్గరి చుట్టమనుకునేవారు. "పాపం, ఆ మారాజు పడ్డ కష్టాలు పగోడికి కూడా ఒద్దు," అని తల ఆడించేవాడు. ఒకసారి కొబ్బరికాయల గుట్ట దగ్గర కూర్చుని ఇలాగే బాధపడుతుంటే ఒక తమిళాయన జాలిపడి, "మీ మేనమామా?" అని అడిగాడు. అయ్య కాసేపు ఆలోచించి, "అంతకన్నా దగ్గరోడు," అన్నాడు.

మేం అప్పుడు మలయా దేశంలో, సుంగై సుమున్ అనే ఊరికి కొంచెం ఇవతల ఒక కొబ్బరితోటలో ఉండేవాళ్ళం. పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట. నాకు పదహారేళ్ళుంటాయి. అయ్య పని కాయలు ఒలవడం. నేలలో పాతిన ఇనుప మొనకి కాయని గుచ్చి ఒక్క తిప్పు తిప్పితే పీచు ఇటు, కాయ అటు పడేవి. అమ్మా నేనూ చిప్పల్లోంచి కొబ్బరి తీసి, పొగ పెట్టే కొట్టంలో ఆరబెట్టేవాళ్ళం. ఇంటికొచ్చేసరికి ముగ్గురం ఒకే రకంగా పొగవాసన కొట్టేవాళ్ళం. మా చెల్లి మాత్రం ఇంకా చిన్నది, అది మట్టివాసన కొట్టేది.

కూలీల కోసం తోటవాళ్ళు కట్టించిన ఇళ్ళ వరసని లయం అనేవారు. పొడుగాటి రేకుల కప్పు ఒకటి, దాని కింద ఒకదాన్నొకటి అంటుకుని గదులు. గదికీ గదికీ మధ్య చెక్కగోడ. ఆ గోడకి కప్పు దాకా ఎక్కే ఓపిక లేదు, మనిషి ఎత్తు దాటగానే ఆగిపోయేది. పక్కింట్లో పోపు పెడితే మా ఇంట్లో తుమ్ములు. మా ఇంట్లో మొగుడూ పెళ్ళాలు దెబ్బలాడుకుంటే తీర్పు పక్కింటినుంచి వచ్చేది.

ఆ తీర్పు చెప్పేది పక్కింటత్త. అయ్యకి ఆమె అప్ప. రక్తసంబంధం ఏమీ లేదు. మన దేశంనుంచి ఇద్దరూ ఒకే ఓడలో వచ్చారు, ఓడలో అయ్యకి వాంతులవుతుంటే ఆమె నిమ్మకాయ ఇచ్చింది, అంతే, అప్పా తమ్ముడూ అయిపోయారు. మొగుడు పోయిన మనిషి. గోడకి అటుపక్క పసుపూ కుంకాలతో ఆమె అమ్మవారు, ఇటుపక్క మా ప్రార్థనలు. తోటలో నాలుగే క్రైస్తవ కుటుంబాలు. ఆదివారం అందరూ మా వాకిట్లో చేరి పాడుతుంటే, అత్త తన గదిలో బియ్యం చెరుగుతూ చేటతో తాళం వేసేది.

హిజ్కియా రాజుని మా ఇంటికి పరిచయం చేసింది, బైబిలు చదివి వినిపించడానికి నెలకోసారి పడవలో వచ్చే ఉపదేశి. అయ్యకి చదువు రాదు. విన్నది మాత్రం వదలడు, పైగా విన్నదానికి నాలుగు కలుపుతాడు. ఆయన కథలో యెరూషలేము చుట్టూ పెద్ద కాలువ ఉండేది, మా తోటలో ఉన్నట్టే. అష్షూరు రాజు తెల్లగుర్రం మీద, నెత్తిన దొరటోపీ పెట్టుకుని వచ్చి ఊరిని ముట్టడి వేసేవాడు. హిజ్కియా గుళ్ళోకి పోయి, "నా వల్ల కాదు, నువ్వే చూసుకో," అని దేవుడి ముందు కూలబడేవాడు. తెల్లారేసరికి అష్షూరోళ్ళు లేరు. అందుకే పెద్ద దొర తోట చూడటానికి వచ్చే రోజున అయ్య అమ్మతో, "ఒలే, అష్షూరోళ్ళొస్తన్నారు, వాకిలి తుడువు," అనేవాడు.

ఆ తరవాతి భాగం చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారిపోయేది. యుద్ధం గెలిచిన రాజుకి జబ్బు చేసింది. ప్రవక్త వచ్చి, ఇల్లు చక్కబెట్టుకో, నువ్వు ఇక బతకవు అన్నాడు. రాజు ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చాడు. దేవుడు ఆ ఏడుపు విని ఇంకో పదిహేనేళ్ళు ఇచ్చాడు. "సూసినావా, మనుసుల్తో సెప్పుకోలేదు. గోడకి సెప్పుకున్నాడు," అని అయ్య కళ్ళు తుడుచుకునేవాడు. వాళ్ళది రాతిగోడ అయ్యుంటుందన్న సంగతి ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక అయ్య మెడ వెనక కురుపు లేచింది. మొదట చింతగింజంత. మూడు నాలుగు రోజుల్లో నిమ్మకాయంత అయి, ఎర్రగా, నాలుగైదు మొనలు తేలింది. అత్త వచ్చి వంగి చూసి, "ఇది రాచకురుపు తమ్ముడా, ఆటలొద్దు," అంది. భయపడాల్సిన మనిషి కాస్తా మావైపు గర్వంగా చూశాడు. "ఇన్నారా, రాచకురుపంట," అన్నాడు.

ఆ రోజునుంచి మా ఇంట్లో ఒక రాజు పడుకున్నాడు. నన్ను పిలిచి వేదపుస్తకం తియ్యమన్నాడు. ఉపదేశి దగ్గర అక్షరాలు నేర్చుకున్నది ఇంట్లో నేనొక్కదాన్నే. కూడబలుక్కుంటూ ఆ అధ్యాయం చదివాను. అందులో అయ్య ఇన్నేళ్ళూ మరిచిపోయిన ముక్క ఒకటి బయటపడింది. ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి రాజు కురుపు మీద కట్టించాడట. "రాజుకీ కురుపేనేటి!" అని అయ్య లేచి కూర్చోబోయి, మెడ పట్టేసి, "అబ్బా" అని మళ్ళీ పడుకున్నాడు. నొప్పిలో కూడా మొహం వెలిగిపోయింది. ఇక మందు తేలిపోయింది, అంజూరం.

అంజూరం ఎలా ఉంటుందో మాలో ఎవరూ చూడలేదు. మేడిపండు లాంటిదని ఉపదేశి ఎప్పుడో అన్నాడని అయ్యకి గుర్తొచ్చింది. అమ్మ నదివైపు పోయి, చేపలు అమ్మే మలాయ్ ముసలాయనకి చేతులతో గుండ్రంగా చూపించి, చెట్టు మొదట్లోనే గుత్తులుగా కాసే పండని వివరించింది. ఆయన "ఆరా, బువా ఆరా లా!" అని నవ్వి, మర్నాడు తలగుడ్డ నిండా తెచ్చి ఇచ్చాడు. ఏం చేసుకుంటారని అడిగితే అమ్మ మెడ చూపించింది. ఆయన నవ్వు ఆపేసి, డబ్బులు వద్దని చెయ్యి ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

అమ్మ వాటిని రోట్లో నూరి, వెచ్చచేసి, గుడ్డలో వేసి కట్టింది. కట్టిన కాసేపటికి ముద్దలోంచి సన్నపురుగులు అయ్య భుజం మీదికి షికారు బయల్దేరాయి. ఆయన కదలకుండా భరించాడు. "రాజు మీద కూడా పాకే ఉంటాయి. రాసినోళ్ళు మర్యాదకి రాయలేదు," అన్నాడు. రెండో రోజుకి కురుపు చల్లారలేదు సరికదా, చుట్టూ దురద కూడా మొదలైంది. పండు సరైనది కాదేమోనని అయ్యకి అనుమానం వచ్చింది. రాజు మీద మాత్రం రాలేదు.

ఇక మిగిలింది గోడ. మాది లయంలో చివరి గది. ఒక గోడ బయటికి, ఒకటి అత్త గదివైపు. మొదట బయటిగోడవైపు తిరిగి ప్రార్థన మొదలుపెట్టాడు. అక్కడ కూలీల మీద పెత్తనం చేసే కంగాణి తన మేకని కట్టేసేవాడు. అయ్య "ప్రభువా" అన్నప్పుడల్లా అది జవాబు చెప్పేది. పైగా చెక్కల సందుల్లోంచి వానజల్లు మొహాన కొట్టేది. చాపని ఈడ్చుకుని రెండో గోడకి మారాడు. మెడ తిరగదు కాబట్టి గోడవైపు మొహం పెట్టాలంటే మనిషి మొత్తం తిరగాలి. అమ్మ ఒక భుజం, నేను ఒక భుజం పట్టుకుని తిప్పేవాళ్ళం.

"ప్రభువా," అన్నాడు అయ్య, రాజు అన్నట్టే. "నాను నీ ఎదట నిజంగా నడిసినాను. ఎవుల్నీ మోసం సెయ్యలేదు."

గోడ అటునుంచి అత్త గొంతు వచ్చింది. "నా నల్లపెట్ట మీ ఇంట్లో గుడ్లెట్టినప్పుడు ఏటి సేసినావు తమ్ముడా?"

"అప్పా, నాను దేముడితో మాటాడతన్నాను."

"మాటాడు, నానొద్దన్నానేటి? నిజం మాటాడు అంటన్నాను."

అయ్య గొంతు తగ్గించి, "రెండు గుడ్లు, ప్రభువా," అన్నాడు.

"మూడు," అంది గోడ.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింటి వైపు పారిపోయింది. నవ్విందని నేను అనుకున్నాను. వెనకే వెళ్ళి చూస్తే పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తోంది. అయ్య ఒళ్ళు అప్పటికే సెగలు కక్కుతోంది. జావ తప్ప ఏమీ దిగడం లేదు. అమ్మ కళ్ళు తుడుచుకుని, గరిట పట్టుకుని లోపలికి వచ్చి యుద్ధం మొదలుపెట్టింది.

"దేముడ్ని ఎన్నేళ్ళడిగినావు?"

"పదైదు."

"పదైదేనా? సిన్నదానికి ఇంకా పాలపళ్ళూడలేదు. ముప్పై అడుగు."

"రాజుకే పదైదిచ్చినాడు. కాయలొలిసేటోడికి ముప్పై ఇస్తాడేటి?"

"రాజుకి పనేటుంది, కూకోడమే. నీకు బోలెడు పనుంది. నీకే ఎక్కువివ్వాల," అంది అమ్మ. అయ్య దానికి జవాబు వెతుక్కుంటూ ఉండగానే అసలు మాట బయటపెట్టింది. "ముద్ద కట్టమన్నాడంటే ఆ పెవక్త మందెయ్యమన్నట్టే కదా. మందేసేటోడు మన ఆస్పత్రిలో ఉన్నాడు. లెగు."

అయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆస్పత్రి మాట ఎత్తితే ఆయనకి వెంటనే నిద్ర వచ్చేది.

తోట ఆస్పత్రి చూసే డ్రెస్సరు మర్నాడు లయం చుట్టి రావడానికి వచ్చి మా గుమ్మంలో ఆగాడు. కురుపు చుట్టూ వేలితో నొక్కి చూశాడు. నన్నూ అమ్మనీ బయటికి పిలిచి, తమిళంలో, ఇది కోసి చీము తియ్యాలి, విషం తలకెక్కితే ఇక నేను చేసేదేమీ ఉండదు అన్నాడు. రేపటికల్లా తీసుకురండి, అంతకన్నా ఆగితే తీసుకురానక్కర్లేదు అని కూడా అన్నాడు. అమ్మ మొహం పొగకొట్టంలో కొబ్బరి రంగుకి తిరిగింది. నాకు ఆ రోజే మొదటిసారి, అయ్య నిజంగా పోతాడేమోనని తోచింది. అప్పటిదాకా ఆ రోగం కూడా ఆయన చెప్పే కథల్లో ఒకటనే అనుకున్నాను.

అమ్మ బతిమాలింది, తిట్టింది, నేను చచ్చినంత ఒట్టు అంది. అయ్యది ఒకటే మాట. "రాజు కోయించుకున్నాడా? నా నమ్మకం నాది." మమ్మల్ని పనిలోకి పొమ్మన్నాడు. కూలి పోగొట్టుకుంటే కంగాణి ఊరుకోడని తెలుసు, వెళ్ళాం. అమ్మ చిప్పలోంచి కొబ్బరి తీస్తూ రెండుసార్లు చెయ్యి కోసుకుంది.

మధ్యాహ్నం తిరిగొస్తుంటే అత్త తన వాకిట్లో నిలబడి, నోటి మీద వేలు పెట్టుకుని మమ్మల్ని పిలిచింది. అమ్మని చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, "ఓలమ్మీ, నీ మొగుడు నీతో సెప్పనియన్నీ నా గోడకి సెబుతున్నాడు. రెండ్రోజుల్నించి నాను ఇంటన్నాను. నాతో అయ్యేది కాదు, నువ్వినుకో," అంది గుసగుసగా. అమ్మవారి పటం పక్కన, గోడకి ఆనుకుని కూర్చున్నాం. అటుపక్క, జానెడు దూరంలో, అయ్య ఊపిరి వినపడుతోంది. రాజు మాటలు అయిపోయినట్టున్నాయి. తన సొంత మాటలు మాట్లాడుతున్నాడు.

"ప్రభువా, సావంటే నాకు బయం లేదు," అన్నాడు. కాసేపు ఆగాడు. "ఉంది. శానా ఉంది. కత్తంటే ఇంకా బయం. కాలు బాగోలేదని ఆస్పత్రికెల్లినోడి సాప ఒక్కటే తిరిగొచ్చింది, నాను సూసినాను. ఇంట్లో సస్తే ఈల్ల మజ్జెన సస్తాను కదా అని ఇక్కడే తొంగున్నాను. నమ్మకం అని సెబుతున్నాను గానీ నమ్మకం కాదు. నీకు తెలుసు."

అమ్మ గోడకి ఇంకా దగ్గరగా జరిగింది.

"పెద్ద గుంట తెలివైంది, బతికేస్తాది. సిన్నదాన్ని అది సూసుకుంటాది. ఈ మనిసి సంగతే నాకు తోచటం లేదు, ప్రభువా. పెళ్ళైన కాణ్నించి నాను తిన్నాకే తింటాది. నాను ఆలీసమైతే ఆకలితోనే కూకుంటాది. నాను పోతే, ఎప్పుడు తినాలో దానికెలా తెలుస్తాది? ఎవులు సెబుతారు దానికి? అదొక్కటీ నువ్వు సూసుకుంటానంటే..."

అత్త కొంగుతో ముక్కు చీదుకుంది. అమ్మ మాత్రం ఏడవలేదు. అరచెయ్యెత్తి గోడ మీద ఒక్క దెబ్బ వేసింది. అమ్మవారి ముందున్న దీపపు కుంది ఎగిరిపడింది.

"మావా! లెగు!"

అటుపక్కనుంచి అయ్య నెమ్మదిగా, "నువ్వు అటేపెందుకున్నావు?" అన్నాడు.

"ఇటేపుంటే నువ్వు సెప్పవు కాబట్టి. బండి కట్టిస్తన్నాను. నువ్వొస్తే నడిసి రా, లేదంటే నలుగురు మోస్తారు."

"దేముడు గుర్తేదైనా ఇస్తాడేమోనని సూస్తన్నాను," అన్నాడు అయ్య, ఆటలో ఓడిపోతున్నవాడు చివరి కాయ జరిపినట్టు.

అత్త అందుకుంది. "పెళ్ళాం గోడలోంచి పిలిసింది, ఇంకేటి గుర్తు కావాల నీకు? బేగి లెగు."

ఎద్దుబండిలో అయ్యని బోర్లా పడుకోబెట్టి, చెల్లినీ ఎక్కించుకుని తీసుకెళ్ళాం. తోట కాలువల మీది దుంగ వంతెనలు దాటినప్పుడల్లా ఆయన రాజుని తలుచుకోవడం మానేసి బండివాణ్ణి తలుచుకున్నాడు. అమ్మ ఒళ్ళో ఎనామిల్ గిన్నె పెట్టుకుని కూర్చుంది. అన్నం, ఎండుచేప పులుసు. కోసిన తరవాత ఆకలి వేస్తుందని పొద్దున వండింది మూటకట్టింది. పొద్దున్నించి తను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అయ్య తినలేదు కదా.

డ్రెస్సరు అన్నీ సిద్ధం చేసి తలుపు దగ్గర నిలబడ్డాడు. అయ్య వరండాలో బల్ల పట్టుకుని ఆగిపోయాడు. అమ్మకేసి చూశాడు. మెడ తిరగదు కాబట్టి మళ్ళీ మనిషంతా తిరిగాడు.

"ఆ గిన్నె ఇప్పు," అన్నాడు.

"ఇప్పుడేటి తింటావు, కోసినాక తిందువుగానీ."

"నాకు కాదు. నువ్వు తిను. నా ఎదట. అప్పుడు లోపలికెల్తాను."

అమ్మ నమ్మలేనట్టు చూసింది. ఆ వరండా నిండా జనం. జ్వరాలవాళ్ళు, పుళ్ళవాళ్ళు, తమిళులు, చీనావాళ్ళు. మందువాసన గుప్పుమంటోంది. అలాంటిచోట, నలుగురి ముందు, మొగుడు తినకుండా ఆడది తినడం! "సిగ్గునేదా నీకు, ఇక్కడేటి," అంది. అయ్య బల్ల వదల్లేదు. డ్రెస్సరు గడియారం చూసుకుని, ఏంటమ్మా ఇది అన్నాడు.

అమ్మ కింద కూర్చుంది. గిన్నె మూత తీసింది. తిట్టుకుంటూ ఒక ముద్ద కలిపింది, నోట్లో పెట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, నములుతోంది. అయ్య చంటిపిల్లకి పెట్టేవాడిలా ఆ నోటికేసే చూస్తూ నిలబడ్డాడు. ఇంకోటి అన్నాడు. ఇంకోటి తింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక చెల్లిని గట్టిగా పట్టుకున్నాను.

"తింటాది," అని అయ్య తనలో తను అనుకున్నట్టు అని, లోపలికి వెళ్ళిపోయాడు.

కోస్తున్నప్పుడు కిక్కురుమనలేదని అయ్య బతికున్నంత కాలం చెప్పుకున్నాడు. మేం బయటే ఉన్నాం. ఆస్పత్రి కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి. చీము చెంబుడు వచ్చిందట. విషం ఎక్కడానికి ఇంకొక్క రోజు చాలని డ్రెస్సరు అన్నాడు. జ్వరం దిగి, పుండు మానే వేళకి వానలు వెనకబట్టాయి. మెడ మీద పిడికెడు గుంటతో అయ్య ఇంటికొచ్చి, లయం అంతా కూర్చోబెట్టి కథ చెప్పాడు. అందులో హిజ్కియా ఉన్నాడు, తనూ ఉన్నాడు, ఎక్కడ ఎవరున్నారో చెప్పడం కష్టం. అత్త మధ్యలో లేచి సరిదిద్దింది. ఆ ఆదివారం మా వాకిట్లో స్తుతి ప్రార్థనకి ఆమె కూడా వచ్చి, తన నల్లపెట్ట గుడ్లు కొన్ని కానుకగా పెట్టింది. పదిహేనేళ్ళు అడిగిన మనిషి, నా పిల్లల్ని కూడా ఆ మెడ మీదే ఊరేగించాడు.

ఇంటికొచ్చిన మొదటిపూట అమ్మ ఆయనకొక్కడికే వడ్డించి, గుంజకి ఆనుకుని కూర్చుంది. అయ్య చెయ్యి కడుక్కోలేదు. "మల్లీ మొదలా? ఆస్పత్రిలో నా ఎదట తిన్నావు కదా, ఇప్పుడేటి?" అన్నాడు.

అమ్మ పులుసు గరిట ఆయన కంచంలో వంచింది.

"ఆ రోజు తిన్న ముద్ద ఇంకా దిగలేదు," అంది. "నువ్వు తిను."